వాయిదా తప్పిన ఇల్లు వేలమునకు పోకుండా కాపాడుకొనుట ఎట్లు?

పైరుకు తెగులు సోకినప్పుడు మొదటి మచ్చ కనబడిన నాడే మందు చల్లినచో చేను దక్కును. చేనంతయు ఎండిన తరువాత ఎంత మందు చల్లినను ఫలితముండదు. ఈ సంగతి రైతు సోదరులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంటిపై తీసుకొన్న అప్పు విషయము కూడ ఇట్టిదే. వాయిదా తప్పిన మొదటి నెలలో చేతిలో ఉన్న మార్గములు ఆరవ నెలలో ఉండవు. అయినను, నోటీసు వచ్చినంత మాత్రమున ఇల్లు పోయినట్లు కాదు. ఏ దశలో ఏ మార్గము ఉన్నదో, అది ఎన్ని రోజులలో మూసుకొనిపోవునో తెలిసికొన్న రైతు చాలవరకు ఇల్లు నిలబెట్టుకొనగలడు.

పంటల పత్రికలో ఇంటి అప్పు ప్రస్తావన ఎందుకని కొందరు అడుగవచ్చును. పల్లెలలో నేడు అనేక పక్కా ఇండ్లు బ్యాంకు అప్పుతో లేచుచున్నవి. దస్తావేజులు బ్యాంకులో ఉంచి, నెలనెలా వాయిదా చెల్లింతుమని వ్రాసి ఇచ్చుచున్నారు. నెల జీతము వచ్చువారికి ఈ పద్ధతి సరిపోవును. రైతుకు మాత్రము సొమ్ము కోతలప్పుడు వచ్చును. ఖరీఫ్ ధాన్యపు సొమ్ము సంక్రాంతి దరిదాపులలోను, రబీ పంట సొమ్ము వేసవిలోను చేతికందును. నడుమ నెలలలో విత్తనములు, ఎరువులు, కూలీల ఖర్చులే గాని రాబడి తక్కువ. వాయిదాలు తప్పునది ఆ నెలలలోనే. అందుచేత ఈ సంగతి సేద్యపు లెక్కలలో భాగమే.

ముందుగా మీ తనఖా ఏ రకమో చూచుకొనుడు

ఇంటిని అప్పునకు హామీగా పెట్టు పద్ధతులు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములో వివరింపబడినవి. మన గ్రామములలో మూడు రకములు ఎక్కువగా కనబడును.

మొదటిది, దస్తావేజులను బ్యాంకు వద్ద ఉంచి తీసుకొను అప్పు. గృహ ఋణములు చాలావరకు ఇట్టివే. వీటి వసూలునకు బ్యాంకులు 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టమును ఉపయోగించును. ఈ చట్టము ప్రకారము బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనపరచుకొని వేలము వేయవచ్చును. సహకార బ్యాంకులకు కూడ ఈ చట్టము వర్తించునని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

రెండవది, ప్రైవేటు వ్యక్తికి రిజిస్టరు తనఖా వ్రాసి ఇచ్చుట. ఇందులో అప్పిచ్చినవాడు కోర్టులో దావా వేసి డిక్రీ పొందవలెను. డిక్రీ లేకుండా తానే వచ్చి ఇంటికి తాళము వేయుటకు అతనికి అధికారము లేదు.

మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. అప్పు తీసుకొనుచు, "హామీ కొరకు మాత్రమే" అని నమ్మి పూర్తి క్రయపత్రము వ్రాసి ఇచ్చుట. డబ్బు తిరిగి ఇచ్చిన నాడు ఇల్లు మరల వ్రాసి ఇత్తునని నోటిమాటగా చెప్పుదురు. షరతుతో కూడిన విక్రయము తనఖాగా పరిగణింపబడవలెనన్నచో, ఆ షరతు అదే దస్తావేజులో వ్రాసి ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. వేరు కాగితముపై వ్రాసినను, నలుగురి ఎదుట చెప్పినను తనఖాగా నిలువదు. కనుక అప్పు కొరకు క్రయపత్రముపై సంతకము చేయకుడు. ఇదివరకే చేసి ఉన్నచో ఆలస్యము చేయక న్యాయవాదికి ఆ కాగితము చూపుడు.

"రైతు ఇల్లు జప్తు చేయరాదు గదా" అను నమ్మకము

ఈ మాట గ్రామములలో తరచు వినబడును. ఇందులో సగము నిజము, సగము పొరపాటు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము, రైతు తాను నివసించుచున్న ఇంటిని, దున్నుటకు కావలసిన పశువులను, సేద్యపు పనిముట్లను, విత్తనపు ధాన్యమును డిక్రీ క్రింద జప్తు చేయరాదు. ప్రోనోటుపై తీసుకొన్న చేబదులుకు డిక్రీ అయినప్పుడు ఈ రక్షణ పనికివచ్చును. కాని ఆ ఇంటినే మీరు స్వయముగా తనఖా పెట్టినచో ఈ రక్షణ వర్తింపదు. సర్ఫేసీ చట్టము కూడ ప్రత్యేకముగా హామీ పెట్టిన ఆస్తిని ఈ మినహాయింపునుండి తొలగించినది.

సర్ఫేసీ చట్టములో రైతుకు నిజముగా ఉపయోగించు మినహాయింపులు వేరే కలవు. వ్యవసాయ భూమిపై ఉన్న హామీకి ఆ చట్టము వర్తింపదు. అయితే అడంగలులోనో పహాణీలోనో పొలమని వ్రాసి ఉన్నంత మాత్రమున చాలదు. ఆ భూమి నిజముగా సాగులో ఉన్నదని ఋజువు చేయు భారము అప్పు తీసుకొన్నవారిదేనని 2023లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఇంకొక మినహాయింపు ఏమనగా, చెల్లింపవలసిన మొత్తము అసలు, వడ్డీలలో 20 శాతముకంటె తక్కువకు దిగినప్పుడు ఆ చట్టము ప్రకారము చర్య తీసుకొనరాదు. అప్పులో ఎక్కువ భాగము తీర్చినవారు దీనిని గుర్తుంచుకొనవలెను. ఈ మినహాయింపుల వలన అప్పు రద్దు కాదు. కోర్టు ద్వారాను, ఇతర చట్టముల ద్వారాను వసూలు చేయు హక్కు బ్యాంకుకు ఉండనే ఉండును.

మొదటి 90 రోజులు

గృహ ఋణములో వాయిదా గడువు దాటి 90 రోజులు మించినచో బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా, అనగా నిరర్థక ఆస్తిగా వ్రాసుకొనును. పంట ఋణములకు ఈ లెక్క పంటకాలములనుబట్టి ఉండును. స్వల్పకాలిక పంటలైనచో రెండు పంటకాలములు, దీర్ఘకాలిక పంటలైనచో ఒక పంటకాలము. రెండు అప్పులును ఒకే బ్యాంకులో ఉన్న రైతు, పంట అప్పునకున్న గడువే ఇంటి అప్పునకు కూడ ఉండునని పొరబడరాదు. ఇంటి అప్పునకు 90 రోజులే.

ఖాతా ఒకసారి మొండి బాకీ అయినచో, పాత బకాయి అసలు, వడ్డీ మొత్తము కట్టిన తరువాతనే దానిని మరల మంచి ఖాతాగా మార్చవలెనని రిజర్వు బ్యాంకు 2021లో స్పష్టము చేసినది. కాబట్టి మూడు వాయిదాలు ఒకేసారి కట్టలేనప్పుడు, గడువు దాటకముందే అన్నిటికంటె పాత వాయిదానైన కట్టుడు. ఖాతా ఆ 90 రోజుల గీత దాటకుండును. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పినది ఇట్టి సమయమునకే.

ఈ మూడు నెలలలో బ్యాంకు మేనేజరును కలిసి ఈ క్రింది సదుపాయములను కోరవచ్చును:

1. వాయిదాల కాలము పొడిగించి నెలసరి మొత్తమును తగ్గించుట.

2. నెలసరి వాయిదాకు బదులు, పంట చేతికి వచ్చు కాలమునుబట్టి ఆరు నెలలకొక వాయిదా ఏర్పాటు చేయుట. అన్ని బ్యాంకులు దీనికి ఒప్పుకొనకపోవచ్చును. అయినను అడుగుటలో తప్పు లేదు.

3. పంట నష్టమో, జబ్బో, మరణమో కారణమైనచో కొన్ని నెలలు వాయిదా ఆపి, ఆ మొత్తమును మిగిలిన కాలమునకు సర్దుట.

4. వడ్డీ తక్కువగా ఉన్న మరియొక బ్యాంకునకు అప్పును మార్చుకొనుట. వ్యక్తులు తీసుకొన్న మారు వడ్డీ గృహ ఋణములను ముందుగా తీర్చినందుకు రుసుము విధింపరాదు. అయితే ఖాతా చెడకముందే ఇది సాధ్యపడును.

వాయిదా తప్పినందుకు వేయు అపరాధ రుసుమును కూడ పరిశీలింపుడు. ఆ రుసుమును అసలులో కలిపి దానిపై మరల వడ్డీ కట్టరాదని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. ఈ నిబంధన 2024 నుండి అమలులో ఉన్నది. ఖాతా నకలు అడిగి తీసుకొని, చదువుకొన్నవారిచేత లెక్క సరిచూపించుకొనుడు.

గడువు పొడిగింపు వలన ఎంత లాభము, ఎంత నష్టము?

ఉదాహరణకు 10 లక్షల రూపాయల అప్పు, ఏటికి 9 శాతము వడ్డీ అనుకొనుడు. 15 సంవత్సరములకైనచో నెలకు సుమారు 10,143 రూపాయలు కట్టవలెను. 20 సంవత్సరములకైనచో నెలకు సుమారు 8,997 రూపాయలు. నెలకు సుమారు 1,146 రూపాయలు తగ్గినవి. కాని మొత్తము మీద కట్టు వడ్డీ మొదటి పద్ధతిలో సుమారు 8 లక్షల 26 వేలు, రెండవ పద్ధతిలో సుమారు 11 లక్షల 59 వేలు. అనగా 3 లక్షల 33 వేలకు పైగా ఎక్కువ.

దీనినిబట్టి పొడిగింపు అక్కరలేదని తలచరాదు. ఇల్లు పోవుటకంటె ఇది వేయి రెట్లు మేలు. అయితే పొడిగింపు పొందిన రైతు, పంట బాగుగా వచ్చిన సంవత్సరము కొంత సొమ్ము ముందుగానే అసలులో జమ వేయవలెను. అట్లు చేసినచో పెరిగిన వడ్డీలో చాలా భాగము తగ్గిపోవును.

ఇంటిలో పాడి ఉన్నవారు ఇంకొక ఏర్పాటు చేసుకొనవచ్చును. పాల కేంద్రమునుండి వచ్చు సొమ్మును ఋణఖాతా ఉన్న బ్యాంకులోనే జమ చేయించి, వాయిదాకు అదే ఆధారముగా పెట్టుకొనుడు. పంట సొమ్మును పంట అప్పునకు, తరువాతి పెట్టుబడికి ఉంచుడు. రెండింటిని ఒకే సంచిలో వేసినచో మొదట కనబడిన ఖర్చుకే డబ్బు పోవును.

వాయిదా కట్టుటకు చేబదులు తీసుకొనకుడు

బ్యాంకు వాయిదా తప్పునని భయపడి, నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చువారు ఉన్నారు. 3 రూపాయల వడ్డీ అనగా ఏటికి 36 శాతము. లక్ష రూపాయలకు బ్యాంకు ఏటికి 9,000 రూపాయలు తీసుకొనుచుండగా, ఈ చేబదులుకు 36,000 రూపాయలు కట్టవలసివచ్చును. ఇది ఒక గుంట పూడ్చుటకు నాలుగు గుంటలు త్రవ్వినట్లగును.

దానికంటె, పనికిరాక పడియున్న వస్తువును అమ్ముట మేలు. వాడని మోటారు సైకిలు, ఇంటి వెనుక ఖాళీ స్థలము, అవసరము లేని నగలు మొదట చూడవలెను. పాలిచ్చు గేదెను, దుక్కి ఎద్దులను, బోరు మోటారును అమ్మి వాయిదా కట్టిన రైతుకు తరువాతి వాయిదా కట్టు శక్తి కూడ పోవును. రాబడి తెచ్చు వాటిని చివర వరకు అమ్మరాదు.

బ్యాంకుకు అర్జీ వ్రాయు విధము

నోటిమాటగా అడిగినది గుర్తుండదు. అర్జీ వ్రాసి, దాని నకలుపై బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకొని దాచుకొనుడు. అర్జీలో ఈ సంగతులు ఉండవలెను: ఋణఖాతా సంఖ్య, ఎప్పటినుండి వాయిదాలు తప్పినవి, అందులకు కారణము, ఈ సంవత్సరము ఏ పంట ఎన్ని ఎకరములలో వేసినది, అది ఎప్పుడు చేతికి వచ్చును, ఇప్పుడు ఎంత కట్టగలరు, మిగిలినది ఏ నెలలో ఎంత చొప్పున కట్టగలరు. కట్టలేని మొత్తము వ్రాయకుడు. ఒకసారి మాట తప్పినచో రెండవ అర్జీకి విలువ ఉండదు.

తుపాను, వరద, కరువు వలన పంట పోయినచో, వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది తయారుచేసిన పంట నష్టపు జాబితాలో మీ పేరు నమోదైనదో లేదో చూచుకొనుడు. దాని నకలును అర్జీకి జతపరచుడు. ఈ కాగితము కొరకు మీ మండల వ్యవసాయాధికారిని అడుగుటకు సంకోచింపవలదు.

అప్పు తీసుకొన్నవారు మరణించినచో, కుటుంబమువారు ముందుగా చూడవలసినది బీమా. అనేక గృహ ఋణములకు అప్పుతోపాటే జీవిత బీమా చేయించి ఉందురు. బ్యాంకు ఖాతా ద్వారా ఏటికి 436 రూపాయలు చెల్లించు ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో చేరి ఉన్నచో 2 లక్షల రూపాయలు వచ్చును. ఇవి అడిగినవారికే అందును.

60 రోజుల నోటీసు వచ్చినప్పుడు

ఖాతా మొండి బాకీ అయిన తరువాత బ్యాంకు సర్ఫేసీ చట్టము 13వ సెక్షను 2వ ఉపసెక్షను క్రింద నోటీసు పంపును. అందులో మొత్తము బాకీ ఎంత, ఏ ఆస్తిపై చర్య తీసుకొనునది వ్రాసి ఉండును. చెల్లించుటకు 60 రోజుల గడువు ఉండును. ఈ నోటీసు తీసుకొనక తపాలావానిని త్రిప్పి పంపువారు కలరు. దానివలన గడువు ఆగదు. నోటీసును బ్యాంకు ఇంటి గోడకు అంటించవచ్చును, పత్రికలో ప్రకటింపవచ్చును. తీసుకొని, వచ్చిన తేదీని కవరుపై వ్రాసికొనుడు.

ఈ 60 రోజులలో చేయవలసిన పనులు:

బాకీ లెక్కలో తప్పు ఉన్నను, భూమి వ్యవసాయ భూమి అయినను, బాకీ 20 శాతములోపు ఉన్నను అభ్యంతరము వ్రాసి పంపుడు. మీ అభ్యంతరము అందిన 15 రోజులలోపల బ్యాంకు దానిని పరిశీలించి, అంగీకరింపనిచో కారణములు తెలియజేయవలెను. 2004లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత చట్టములో చేర్చబడిన హక్కు ఇది.

నోటీసు వచ్చిన తరువాత బ్యాంకు వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మరాదు, అద్దెకీయరాదు. అయితే ఎట్లయినను ఇల్లు నిలుపుకొనలేమని తేలినప్పుడు, బ్యాంకు అనుమతితో మీరే కొనుగోలుదారును చూచి అమ్ముట వేలముకంటె మేలు. వేలములో ధర తరచు తగ్గును. ఖర్చులు కూడ మీ ఖాతాలోనే పడును. మీరు అమ్మినచో బాకీ పోను మిగిలిన సొమ్ముతో వేరొక చిన్న ఇల్లైన చూచుకొనవచ్చును.

ఏకకాల పరిష్కారము అను పద్ధతి కూడ కలదు. బ్యాంకు కొంత తగ్గించి, మిగిలినది ఒక గడువులోపల కట్టుమని చెప్పును. ఇది బ్యాంకు ఇష్టముపై ఆధారపడినది. హక్కుగా కోరరాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పినది. ఒప్పందము వ్రాతపూర్వకముగా తీసుకొనుడు. చెప్పిన తేదీకి ఒక్క రోజు తప్పినను తగ్గింపు రద్దు కావచ్చును. మరియు ఇట్లు తగ్గింపుతో తీర్చినట్లు మీ ఋణచరిత్రలో నమోదగును గనుక తరువాత కొత్త అప్పు పుట్టుట కష్టము. ఇల్లు నిలుచుటకు వేరు దారి లేనప్పుడు మాత్రమే దీనిని ఎంచుకొనుడు.

స్వాధీనము, వేలము

60 రోజులు గడచినను బాకీ తీరనిచో బ్యాంకు ఇంటిని స్వాధీనపరచుకొనుటకు నోటీసు ఇచ్చును. మొదట కాగితముపై స్వాధీనము, తరువాత జిల్లా మేజిస్ట్రేటు లేదా చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఉత్తర్వుతో నిజమైన స్వాధీనము జరుగును. బ్యాంకు చర్య చట్టవిరుద్ధమని తోచినచో, ఆ చర్య జరిగిన 45 రోజులలోపల ఋణ వసూలు ట్రిబ్యునలులో దరఖాస్తు చేయవలెను. తెలుగు రాష్ట్రములలో ఇవి హైదరాబాదులోను, విశాఖపట్నములోను ఉన్నవి. దరఖాస్తు వేసినంతనే వేలము ఆగదు. స్టే ప్రత్యేకముగా కోరవలెను. ట్రిబ్యునలు పరిధిలోని ఈ వ్యవహారములపై సాధారణ సివిలు కోర్టులో ఇంజంక్షను దావా వేయుట చట్టరీత్యా చెల్లదు. అట్టి దావాకు ఖర్చు పెట్టి 45 రోజుల గడువు పోగొట్టుకొనరాదు.

ఇల్లు విడిపించుకొను హక్కు ఎప్పటివరకు ఉండును? ఈ ప్రశ్నకు జవాబు ప్రతి రైతును తెలిసికొనవలెను. 2016లో చట్టము సవరింపబడినది. ఆ సవరణ ప్రకారము, వేలము ప్రకటన ప్రచురింపబడుటకు ముందు మొత్తము బాకీ, ఖర్చులతో సహా చెల్లించినచో ఇల్లు దక్కును. ప్రకటన వెలువడిన తరువాత ఆ హక్కు ఉండదని సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పినది. "వేలము నాటికి డబ్బు తెత్తును" అని అనుకొని కూర్చున్నవారు ఇందుచేతనే నష్టపోవుచున్నారు.

వేలమునకు ముందు బ్యాంకు మీకు 30 రోజుల నోటీసు ఇయ్యవలెను. వేలము ఫలింపక మరల వేయునప్పుడు 15 రోజులు చాలును. ఆస్తి విలువను ఆమోదిత విలువదారుచేత కట్టించి కనీస ధర నిర్ణయింపవలెను. ఈ నియమములలో ఏది తప్పినను ట్రిబ్యునలు దృష్టికి తేవచ్చును. వేలములో బాకీకి మించి సొమ్ము వచ్చినచో మిగిలినది మీకు చెందును, అడిగి తీసుకొనుడు. తక్కువ వచ్చినచో, మిగిలిన బాకీ కొరకు బ్యాంకు మీపైనను, జామీనుదారులపైనను చర్య తీసుకొనవచ్చును. జామీను సంతకము చేసిన బంధువులకు, స్నేహితులకు ముందుగానే సంగతి తెలుపుట మంచిది.

ప్రైవేటు తనఖాలో విడుదల హక్కు

ప్రైవేటు తనఖాపై దావా అయినప్పుడు కోర్టు మొదట ప్రాథమిక డిక్రీ ఇచ్చి, బాకీ చెల్లించుటకు ఆరు నెలల వరకు గడువు నిర్ణయించును. తగిన కారణము చూపినచో గడువు పెంచవచ్చును. తుది డిక్రీ అయి ఇల్లు అమ్ముడుపోయినను, ఆ అమ్మకము కోర్టు ఖాయపరచుటకు ముందు, బాకీ మొత్తమును కొన్నవానికి ధరపై 5 శాతమును జమచేసి ఇల్లు విడిపించుకొనవచ్చును. అనగా ప్రైవేటు తనఖాలో విడుదల హక్కు బ్యాంకు తనఖాలోకంటె ఎక్కువ కాలము నిలుచును.

గడువు తీరిన తరువాత మీరు సొమ్ము తెచ్చినను అప్పిచ్చినవాడు తీసుకొనుటకు నిరాకరించునప్పుడు, ఆ సొమ్మును కోర్టులో జమ చేయుటకు ఆస్తి బదిలీ చట్టము 83వ సెక్షను వీలు కల్పించినది. "వడ్డీ పెరగనీ, ఇల్లు మనదగును" అని చూచువారికి ఇది తగిన జవాబు.

ఖర్చు లేని సహాయము

న్యాయసేవాధికార సంస్థల చట్టము 1987లో వచ్చినది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము లభించును. ఇతరులకు ఆదాయ పరిమితినిబట్టి లభించును. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను కలిసినను, 15100 సంఖ్యకు ఫోను చేసినను చాలును. లోక్ అదాలతులో బ్యాంకుతో రాజీ కుదిరినచో అది కోర్టు డిక్రీతో సమానము; దానిపై అప్పీలు లేదు. కనుక ఒప్పుకొను మొత్తము కట్టగలిగినదిగా ఉండవలెను.

బ్యాంకు తప్పుడు లెక్క వేసినను, వసూలు మనుషులు దురుసుగా ప్రవర్తించినను మొదట బ్యాంకుకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు. 30 రోజులలో జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు రుసుము లేకుండ ఫిర్యాదు చేయవచ్చును. వసూలు మనుషులు ఉదయము 8 గంటలకు ముందుగాని, రాత్రి 7 గంటల తరువాతగాని ఫోను చేయరాదు.

గ్రామాధికారులకు ఒక మనవి

ఇట్టి నోటీసులు వచ్చినప్పుడు రైతు మొదట సిగ్గుపడి దాచుకొనును. భార్యకు కూడ చెప్పడు. మీరు నోటీసు సంగతి తెలిసిన వెంటనే, నలుగురిలో ప్రస్తావింపక, ఆ ఇంటివారిని ఒంటరిగా కూర్చుండబెట్టి తేదీలు చదివి చెప్పుడు. కావలసిన భూమి పత్రములు, పంట నష్టపు నకళ్ళు ఆలస్యము లేకుండ ఇప్పించుడు. న్యాయసేవాధికార సంస్థకు దారి చూపుడు. వేలమునకు రానున్న ఇంటిని చవుకగా కొనవలెనని ఎదురుచూచువారు ప్రతి ఊరిలోను ఉందురు. వారి మధ్యవర్తిత్వమునకు చోటీయకుడు. బాకీ బాధతో మనసు క్రుంగి, మాటాడక, అన్నము మానిన వ్యక్తి కనబడినచో ఒంటరిగా విడువక, 14416 సంఖ్యకు ఫోను చేయించుడు. అక్కడ తెలుగులో మాటాడువారు ఉచితముగా సలహా ఇచ్చెదరు. పోయిన ఇల్లు మరల కట్టుకొనవచ్చును.

అప్పు తీరిన తరువాత

చివరి వాయిదా కట్టిన తరువాత బాకీ లేదను పత్రమును, మీ దస్తావేజులన్నిటిని తీసుకొనుడు. అప్పు తీరిన 30 రోజులలోపల బ్యాంకు వాటిని తిరిగి ఇయ్యవలెననియు, తన వలన ఆలస్యమైనచో రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లింపవలెననియు రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. రిజిస్టరు అయిన తనఖా అయినచో, సబ్‌రిజిస్ట్రారు కచేరీలో రద్దు నమోదు చేయించి, ఇ.సి. తీసి చూచుకొనుడు. ప్రైవేటు అప్పు అయినచో ప్రతి చెల్లింపునకు రశీదు తప్పదు.

ఇప్పుడు వాయిదా తప్పి ఉన్నవారు చేయవలసిన పని ఒకటే. ఈ వారములోనే ఋణఖాతా నకలు తెచ్చుకొని, ఎన్ని రోజులు దాటినదో లెక్కించుడు. 90 రోజులలోపల ఉన్నచో అర్జీతో బ్యాంకుకు పొండు. నోటీసు వచ్చి ఉన్నచో దానిపైనున్న తేదీనుండి 60 రోజులు క్యాలెండరులో గుర్తుపెట్టుకొని, రేపే న్యాయ సలహా తీసుకొనుడు.